నాలుగో చప్పుడు

“అడ్రస్ మాత్రం చెప్పను నాన్నా. అమ్మ మీద ఒట్టేశాను,” ఫోన్లో తెగేసి చెప్పింది తొమ్మిదేళ్ల కూతురు.

“ఒట్టు తీసి గట్టున పెట్టమన్నానా బంగారం? చెప్పొద్దులే. అమ్మ చేతికట్టు విప్పారా?”

“మొన్న విప్పారు. ఇప్పుడిప్పుడే గ్లాసు పట్టుకుంటోంది.”

ఆ చెయ్యి విరిచిన మనిషి గొంతులో తేనె కారుతోంది. తల్లీకూతుళ్లు చెప్పాపెట్టకుండా ఇల్లు మారి రెండు నెలలైంది. ఊళ్లోనే ఉన్నారని తెలుసు, ఎక్కడున్నారో తెలియదు. పాప ఫోన్లో లొకేషన్ కూడా ఆపేసింది తల్లి.

“సరే, ఆట ఆడదామా? మనం ఎక్కడున్నామో ఫోన్లో మ్యాప్‌కి ఎలా తెలుస్తుందో చెప్పు.”

“పైనుంచి శాటిలైట్ చూస్తుంది.”

“చూడదు పిచ్చీ. ఫలానా టైముకి పంపానని ఓ కబురు పంపుతుంది, అంతే. అది ఎంత ఆలస్యంగా చేరిందో ఫోన్ లెక్కేసుకుంటుంది. ఆలస్యాన్ని బట్టి దూరం. ఇప్పుడు నేను శాటిలైట్, నువ్వు ఫోన్. కిటికీ దగ్గర నిలబడు. ఇక్కడ మిల్లు సైరన్ మోగగానే నేను ‘ఇప్పుడే’ అంటాను. ఫోన్లోది కాదు, కిటికీలోంచి ఆ సైరన్ వినబడగానే నువ్వు ‘వచ్చింది’ అను.”

అతను మిల్లు గేటు ముందే నిలబడి ఉన్నాడు, చేతిలో స్టాప్‌వాచ్‌తో.

“ఇప్పుడే!”

“...వచ్చింది!”

ఆరు సెకన్లు. మర్నాడు స్టేషన్లో రైలు కూత, నాలుగు. ఆ మర్నాడు గడియారస్తంభం గంట, మూడు. చప్పుడు సెకనుకి మూడువందల నలభై మీటర్లు పోతుందన్న లెక్కన ఊరి పటం మీద మూడు వృత్తాలు గీశాడు. మూడూ ఓ ఇరుకు సందులో కలుసుకున్నాయి. ఆ సందులో ఉన్నవి రెండే ఇళ్లు.

ఆదివారం పొద్దున్నే మళ్లీ ఫోన్ చేశాడు.

“అమ్మేం చేస్తోంది?”

“ఇంకా లేవలేదు. ఇవాళ సెలవుగా.”

“పాపం, లేపకు.”

“నాన్నా, నేను ఒట్టు తప్పలేదు కదా?”

“ఛ, నా తల్లి మాట తప్పుతుందా! మూడింటితో కాస్త తేడా వస్తుంది. అందుకే ఎప్పుడూ నాలుగోది కూడా ఉండాలి. ఆడదామా?”

“కిటికీ దగ్గరకి వెళ్లనా?”

“అక్కర్లేదు. ఉన్నచోటే ఉండు. ఇప్పుడే!”

“వచ్చేసింది నాన్నా! సున్నా సెకన్లు! ఎవరో మన తలుపే కొడుతున్నారు, ఉండు, తీసొస్తా.”