ఎర్ర తాబేలు

కాసెట్టు చేతికిచ్చాడు గానీ, సొన్నప్ప దాని కొసని వెంటనే వదల్లేదు.

"ఇది మెషిన్లో ఎక్కినాక నాకొక ఫోన్ చేస్తావా అప్పా? ఒక్క ఆట ఆడుకుందాము."

తప్పకుండా చేస్తానన్నాడు శశిధర్. అప్పుడు వదిలాడు.

చందాపురలో సొన్నప్ప కూతురు కదిరమ్మ ఇల్లు అది. ఒకే గది. ఆ గది దాకా రావడానికి శశిధర్‌కి ఎనిమిది నెలలు పట్టింది.

అతను వెతుకుతున్నది నలభై ఏళ్ల కిందటి ఒక ఆటని. టీవీకి తగిలించి ఆడే తొలినాళ్ల కంప్యూటర్, కాసెట్టులోంచి ఎక్కే ఆట. పేరు గుర్తులేదు.

నల్లటి తెర మీద రెండు తాబేళ్ల పందెం. నీలంది తనది, ఎర్రది మెషిన్‌ది. తాను వెనకబడితే ఎర్రది గీతకి ఒక్క అడుగు ముందు ఆగిపోయేది. ఆగేటప్పుడు గల్లుమని ఒక చప్పుడు. తాను వచ్చి గీత దాటేదాకా ఇక కదిలేది కాదు.

ఆ ఏడాదే శశిధర్ తండ్రి పోయాడు. తల్లి జయనగర్‌లో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో టైపిస్టుగా చేరింది. బడి వదలగానే అక్కడికొచ్చి, ఆమె పని ముగిసేదాకా ఆ ఆట ముందు కూర్చునేవాడు తొమ్మిదేళ్ల శశిధర్.

కర్మకాండలు అయ్యాక బంధువులెవరూ ఆగలేదు. ఆ మెషిన్ ఆగింది.

ఆ ఒక్క నమ్మకం మీదే అతను తన బతుకంతా కట్టుకున్నాడు. మనుషులతో పని పడితే ముక్తసరిగా ముగించి, మెషిన్ల దగ్గరికి తిరిగొచ్చేవాడు. నీకు మనిషి అక్కర్లేదు, స్విచ్చి ఉంటే చాలు అని భార్య వరూధిని వెళ్లిపోయిన రోజు కూడా అతను కాదనలేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఫ్లాటులో ఒంటరిగా ఉంటూ, ఈ వయసులో ఒక్కటే కోరుకున్నాడు. తన కోసం ఆగినదాన్ని మళ్లీ ఒకసారి చూడాలి.

పాత ఆటల గుంపుల్లో అడిగితే నవ్వారు. అంత చిన్న మెమరీలో అంత దయ పట్టదు బ్రదర్, అని ఒకడు రాశాడు.

చివరికి ఆ కేంద్రంలో పాఠాలు చెప్పిన గురుమూర్తి దొరికాడు. మూసేసిన రోజు చెత్తలో పడేసిన టేపులన్నీ అటెండర్ సొన్నప్ప మూటగట్టుకుపోయాడని ఆయనే చెప్పాడు.

సొన్నప్ప శశిధర్‌కి లీలగా గుర్తు. ఖాకీ చొక్కా. ఆరయ్యేసరికి గదులకి తాళాలు వెయ్యడానికి వచ్చి, పక్కనెక్కడో నిలబడేవాడు. తనని ఎప్పుడు లేపి పంపుదామా అని చూస్తున్నాడనుకునేవాడు శశిధర్.

ఇప్పుడా ముసలాయన నడుముకి ఇంకా ఆ తాళాలగుత్తి వేలాడుతూనే ఉంది. మూతపడిన ఆఫీసుకి తాళాలెందుకో మీరన్నా అడగండి సార్, అని కదిరమ్మ వేళాకోళం చేసింది.

సొన్నప్ప పట్టించుకోలేదు. మంచం మీద కూర్చోబోతూ, "స్వల్ప కుడిపక్కకు జరుగప్పా. నేను ఎడమపక్కనే కదా," అన్నాడు.

కూర్చున్నాక, "మనము బాగా ఆడుకుంటా ఉంటిమి," అన్నాడు.

శశిధర్ నవ్వాడు. వయసు మీదపడ్డాక మనుషులు ఇతరుల జ్ఞాపకాల్లో తమకూ ఒక కుర్చీ వేసుకుంటారు, దాన్ని లాగెయ్యడం మర్యాద కాదు, అనుకున్నాడు.

బ్రూక్‌ఫీల్డ్‌లో రియాజ్ అనే కుర్రాడు ఆఫీసు పని అయ్యాక పాత కంప్యూటర్లు బాగుచేస్తుంటాడు. టేపుకి బూజు పట్టిందని, నెల పడుతుందని చెప్పాడు.

ఆ నెలలో సొన్నప్ప రెండుసార్లు ఫోన్ చేసి ఎక్కిందా అని అడిగాడు. మూడోసారి చేసినప్పుడు శశిధర్ మీటింగులో ఉన్నాడు. కట్ చేశాడు. తిరిగి చెయ్యలేదు.

శుక్రవారం సాయంత్రం రియాజ్ నుంచి కబురొచ్చింది, ఆట ఎక్కిందని. మాట ఇచ్చాడు కాబట్టి శశిధర్ సొన్నప్పకి ఫోన్ చేశాడు. కదిరమ్మ ఎత్తింది.

"నాయిన పోయి పదకొండు దినాలాయ సార్. మీరు చేస్తారని ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటా ఉండె."

శశిధర్‌కి బాధ కలిగింది. దాని వెనకే, ఇక ఒక్కడే వెళ్లొచ్చన్న చిన్న తేలిక కూడా. ఆ తేలికకి సిగ్గుపడ్డాడు. అయినా మర్నాడు రియాజ్ దగ్గరికి వెళ్లాడు.

తెర నల్లగా వెలిగింది. నీలం తాబేలు, ఎర్ర తాబేలు. పేరు కూడా అంతే, తాబేళ్ల పందెం.

కుడివైపు రెండు మీటల మీద వేళ్లు పెట్టి నొక్కాడు. నీలంది కదిలింది. గీత దాటింది.

ఎర్రది మొదట్లోనే ఉంది.

మళ్లీ ఆడాడు. మళ్లీ గెలిచాడు. ఎర్రది అంగుళం కదల్లేదు.

"టేపు పాడైనట్టుంది రియాజ్. ఎర్రది రావట్లేదు."

"దాన్ని ఎవరు నడుపుతారు సార్? ఇది టూ ప్లేయర్ గేమ్. ఎడమవైపు రెండు కీలూ ఎర్రదానివి."

"మెషిన్ ఆడదా?"

"దీనికి ఆడటం రాదు సార్. పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి."

"మరి ఆగేటప్పుడు గల్లుమని ఒక సౌండ్ రావాలి."

రియాజ్ తల అడ్డంగా ఊపాడు. ప్రోగ్రామంతా లైను లైను చదివాడట. అందులో ఎక్కడా సౌండే లేదట.

శశిధర్ మొదటిసారి తెర మీంచి కళ్లు తిప్పి తన ఎడమపక్కకి చూశాడు.

నలభై ఏళ్లుగా ఆటలోదేనని దాచుకున్న ఆ చప్పుడు, గీతకి ఒక్క అడుగు ముందు మీటల మీంచి చెయ్యి వెనక్కి తీసుకుని తన కోసం ఆగిన సొన్నప్ప నడుమున కదిలిన తాళాలగుత్తిది.