చేతులు దాచుకున్న మనిషి

మొదటి దెబ్బ హెల్మెట్‌తో పడింది, సరిగ్గా నోటి మీద. రెండు పళ్లు లిఫ్టు ముందు గచ్చు మీద రాలాయి. ఆ తర్వాత అతను ఏం చెప్పబోయినా మాటకి బదులు రక్తమే వచ్చింది.

కొట్టింది రెండో అంతస్తు జిమ్ మాస్టారు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి బయటికి వెళ్దామని తలుపు తీసేసరికి, ఎవడో బక్కపలచటి మనిషి భుజాన గోనెసంచితో ఆయన గుమ్మం ముందు వంగి ఉన్నాడు. బెల్లు కొట్టిందీ లేదు, పిలిచిందీ లేదు. ఎవరు నువ్వని అడగాల్సింది. కానీ చేతిలో హెల్మెట్ ఉంది.

"దొంగ! దొంగ!"

ఆ కేకకి నాలుగంతస్తుల తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. మూడు రోజులు నీళ్లు రాకపోయినా ఆ భవనంలో ఇంత ఐకమత్యం ఎవరూ చూడలేదు.

జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి సెల్లార్‌లో పడేశారు. అసోసియేషన్ సెక్రటరీ సంచి బోర్లించాడు. ఫోన్లు, ఒక ట్యాబ్, టేబుల్ లైటు, జుట్టు ఆరబెట్టుకునే మిషను, ట్రిమ్మరు. అన్నీ కలిపి పదకొండు.

"అయ్యో, అది నాదే!" అంది మూడో అంతస్తు టీచరమ్మ, ఒక ఫోను అందుకుంటూ. "ఈ మూల సొట్ట మా పాప చేసిందే."

"ట్యాబ్ మాది," అన్నాడు సెక్రటరీ. "వెనక మావాడు అంటించిన స్టిక్కరు చూడండి."

"నా ట్రిమ్మరు! గడ్డం గీసుకునేది కూడా వదల్లేదురా వీడు, కక్కుర్తి వెధవ!" జిమ్ మాస్టారు డొక్కలో ఒక్క తన్ను తన్నాడు.

ఒక్కొక్కరే తమ వస్తువు గుర్తుపట్టారు. మీట నొక్కితే అన్నీ నిక్షేపంగా పనిచేస్తున్నాయి. ఇంకేం రుజువు కావాలి? ఎప్పుడు పోయిందని మాత్రం ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఏడాదికో ఫోను మార్చే ఇళ్లవి. ఏది ఎప్పటిదో ఎవరికి గుర్తు?

అందరూ తలో చెయ్యీ వేశారు. తలో కాలూ వేశారు. పక్కటెముక ఒకటి పుటుక్కుమంది. విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలుపెట్టారు. గుంపులో ఉన్న సుఖం అదే. తానొక్కడే చంపుతున్నానని ఎవడికీ అనిపించదు.

అతను తల కాపాడుకోలేదు. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని బోర్లా ముడుచుకుపోయాడు. ముఖం మీద తన్నినా, వీపు మీద చీపురుకర్ర విరిగినా చేతులు బయటికి తీయలేదు. చివరికి ఉబ్బిన పెదాల మధ్య నుంచి నాలుగు మాటలు కూడదీసుకున్నాడు.

"చేతులొద్దు సార్... చేతులే... నా తిండి."

సెక్రటరీ పకపకా నవ్వాడు. "అవును మరి! దొంగకి చేతులు కాక ఇంకేముంది పెట్టుబడి?"

అందరూ నవ్వారు. అక్కడితో ఆ మనిషి బతుకు తెల్లారింది.

"లాగండ్రా ఆ చేతులు," అన్నాడు జిమ్ మాస్టారు. "ఇంకో ఇంట్లో పెట్టకుండా చేద్దాం."

"పోలీసులకి చెప్దామండీ," అంది టీచరమ్మ. "చచ్చిపోతాడేమో."

"పోయింది మీ ఫోనే, జాలీ మీదేనా మేడమ్? బాగుంది!" అన్నాడు సెక్రటరీ.

టీచరమ్మ వెనక్కి తగ్గింది. ఫోను మాత్రం వదల్లేదు.

ముగ్గురు మీద కూర్చుంటే తప్ప ఆ చేతులు చంకల్లోంచి రాలేదు. సన్నటి వేళ్లు, కొసల్లో చిన్నచిన్న కాలిన మచ్చలు. "సిగరెట్లు కాల్చీ కాల్చీ," అని ఎవరో తీర్పు చెప్పేశారు.

జిమ్ మాస్టారు సెల్లార్ మూలకి వెళ్లి, బల్ల మీది ఇస్త్రీపెట్టె తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్ల నాటిది. ఎత్తితే భుజం లాగేంత ఇనుము.

"అయ్యగారూ, నా పెట్టె!" ఇస్త్రీ అతను పరుగెత్తుకొచ్చాడు.

"దీనికేం కాదులేవోయ్!"

నిజంగానే దానికేం కాలేదు. అప్పటి సరుకు మరి. కుడి చేతికి నాలుగు దెబ్బలు, ఎడమ చేతికి మూడు. వేళ్లేవో అరచెయ్యేదో తెలియకుండా పోయింది. రెండో దెబ్బ దాకా అతను అరిచాడు. మూడో దెబ్బ నుంచి ఇనుము చప్పుడు ఒక్కటే వినిపించింది. అంతా అయ్యాక ఇస్త్రీ అతను పెట్టె తుడుచుకున్నాడు. ప్లగ్గు పెట్టి చూసి, వేడెక్కుతోందని ఊపిరి పీల్చుకున్నాడు.

అంబులెన్సు వచ్చింది. మెట్ల మీంచి పడ్డాడని సెక్రటరీ చెప్పాడు. వచ్చినవాళ్లు ఆ చేతుల వంకా, మెట్ల వంకా చూసి ఎత్తుకుపోయారు. ఎవరి వస్తువు వాళ్లు పట్టుకుని ఇళ్లకి చేరారు. వాచ్‌మన్ బకెట్టుతో నీళ్లు కొట్టాడు.

టీచరమ్మకి కాఫీ కలుపుకోబుద్ధి కాలేదు. సింకు దగ్గర నిలబడి, ఫోనుకి అంటిన రక్తం తడిగుడ్డతో తుడిచింది. సందుల్లోకి దిగిందేమోనని వెనక పౌచ్ ఊడదీసింది. అందులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి జారిపడింది. విప్పి చదివింది.

'మూడువందల రెండో నంబరు వారికి నమస్కారం: మీ చిరునామా ఉన్న కవరుతో చెత్తసంచిలో వచ్చిన ఈ ఫోను బాగుచేసి తెచ్చాను, పైసా వద్దు, ఇంకో నాలుగేళ్లు వాడుకోండి, మీరు పారేసినవన్నీ తెచ్చి కాల్చేది మా ఇంటి వెనకేనండి, ఆ పొగకి మా పాపకి ఊపిరాడటం లేదు.'