కదలని కారు

జెండా ఊపారు. భవానీపురం కల్యాణమండపం వెనక సిమెంటు నేల మీద అయిదు రిమోట్ కార్లు రివ్వున దూసుకుపోయాయి. ఆరోది మాత్రం గీత దాటలేదు. దాని రిమోట్ పట్టుకున్న నాగలక్ష్మి మీట నొక్కకుండా నిలబడింది.

"బ్యాటరీ పోయిందా?" భర్త సూర్యప్రకాష్ కంగారుగా వచ్చాడు.

"నిండుగా ఉంది."

"మరి నొక్కవేం?"

"మైకులో ఏమన్నారో విన్నారా? సూర్యప్రకాష్ గారి కారట."

"ఎవరి పేరైతే ఏంటి ఇప్పుడు?"

"తేడా ఏం లేదు కదా. అయితే నా పేరే చదవమనండి."

మిగతా కార్లు ఒక చుట్టు తిరిగొచ్చాయి. జనం నవ్వుతున్నారు. ఆమె వేలు కదల్లేదు. ఆ గోటి కింద గేర్లకు పూసిన గ్రీజు ఇంకా నల్లగానే ఉంది.

సూర్యప్రకాష్‌కి కారు కొన్న రోజు గుర్తొచ్చింది. షాపులో తను మెరిసే ఎర్రకారు పట్టుకుని వదల్లేదు. దాని విడిభాగాలు బెజవాడలో దొరకవని, ఈ కారుని తిరగేసి చూసి ఎంచుకుంది ఆమె. పాత టూత్‌బ్రష్‌తో ఇరుసులు తోమిందీ, అరిగిన టైర్లు మార్చిందీ, పందేల్లో నడిపిందీ ఆమే. గెలిచినప్పుడల్లా కప్పు పట్టుకుని ఫోటో దిగింది మాత్రం తను.

సూర్యప్రకాష్ మైకు దగ్గరికి నడిచాడు.

"మీ కారు చెడిపోయిందాండీ?" అన్నాడు మైకాయన.

"అది నా కారు కాదండీ." మైకు తనవైపు తిప్పుకున్నాడు. "ఆరో నంబరు, నాగలక్ష్మి గారి కారు."

వెనక మోటారు రివ్వుమంది.

ఆ పూట వాళ్లకి కప్పు రాలేదు. అయినా నాగలక్ష్మి కారు చేతిలోకి తీసుకుని కెమెరా ముందు నిలబడింది.

"కప్పు లేకుండా ఫోటో ఎందుకండీ?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"నా కారుందిగా. తీయండి."