బ్రోచర్ కోసం నవ్వు

"ఆ లేత్ మెషిన్ పక్కన నిలబడి నవ్వమ్మా నూకరత్నం," అన్నారు ప్రభాకర్ గారు. మత్స్యకార కుటుంబాల నుంచి ఇంజినీరింగ్‌కి వచ్చిన పిల్లలకు అండగా ఉండే విభాగానికి ఆయనే అధిపతి. అలాంటి విభాగం ఒకటుందని కాలేజీకి కెమెరా వచ్చిన రోజునే తెలుస్తుంది.

ఫైనలియర్ మెకానికల్ చదువుతున్న నూకరత్నం లేత్ స్విచ్ నొక్కింది.

"ఆపు, ఆపు! ఫోటోకేనమ్మా!" ఆయన గాభరాగా మెషిన్ కట్టేశారు. "ఏదైనా అయితే మీవాళ్లకి నేనేం చెప్పుకోను? మెషిన్ చూసుకోవడానికి కుర్రాళ్లున్నారుగా. నీకు రికార్డులు రాసే పని ఇచ్చాంగా."

"మొదటి నుంచీ అదే ఇచ్చారండి."

"మరి! ఎంత అండగా ఉన్నామో చూడు."

ఫోటోగ్రాఫర్ వెనకాల నిలబడ్డ ఫస్టియర్ సత్యవేణి మెల్లగా అంది. "అక్కా, నిరుడు బ్రోచర్లో నీ ఫోటో చూసే మా నాన్న నన్ను మెకానికల్‌లో చేర్పించాడు. నన్ను కూడా రికార్డులే రాయమంటున్నారేంటక్కా?"

నూకరత్నం ముఖంలో నవ్వు పోయింది. ఇన్నాళ్లూ తనొక్కదానికే అన్యాయం జరిగిందనుకుంది.

"మా నాన్న గాలం వేస్తాడు సార్. ఎర అంటే ఏంటో నాకు తెలుసు," అంది.

"ఏంటమ్మా ఆ మాటలు?"

నూకరత్నం సత్యవేణిని లేత్ ముందుకు తీసుకొచ్చింది. "చున్నీ తీసి పక్కన పెట్టు. సేఫ్టీ కళ్లద్దాలు పెట్టుకో. ఇప్పుడు నువ్వే నొక్కు."

మెషిన్ తిరిగింది. ఫోటోగ్రాఫర్ టక్కున కెమెరా నొక్కాడు. ఆపడానికి ప్రభాకర్ గారు చాచిన చెయ్యి కూడా ఫోటోలో పడింది.