కరెంటు బాకీ

హీటరు ప్లగ్గు పీకి, దాన్ని తీసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టి తాళం వేసింది వైశాలి.

"ఇప్పుడు చూస్తాను, బిల్లు ఎలా వస్తుందో" అంది.

ఆమె భర్త శ్రీకర్ మూడేళ్ళ కొడుకు రిషికి రెండో స్వెట్టరు తొడుగుతున్నాడు. ఉద్యోగం పోయి కొన్ని నెలలుగా ఇంట్లోనే ఉంటున్నాడతను. వైశాలి తెల్లారకుండానే వృద్ధుల్ని చూసుకునే ఏజ్డ్ కేర్ హోమ్‌లో డ్యూటీకి పోతుంది. పగలంతా ఇంట్లో కూర్చుని కరెంటు కాల్చేదెవరో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

మెల్‌బోర్న్ శివార్లలో, క్లైడ్ నార్త్‌లో బాలమురళి అంకుల్ వాళ్ళ పెరట్లో ఉన్న చిన్న యూనిట్ వాళ్ళది. అద్దె తక్కువ. అంకుల్ తెనాలి మనిషి, మాట మంచిది. కరెంటు కనెక్షన్ మాత్రం వైశాలి పేరు మీద.

ఆ బిల్లు ప్రతిసారీ తలకు మించి వచ్చేది. ఓసారి కంపెనీకి ఫోన్ చేసి గొడవ పెట్టుకుంది. మనిషిని పంపారు. మీటరు నిక్షేపంలా ఉందన్నాడతను. "మీరు వాడుతున్నారు, అది తిరుగుతోంది" అని చెప్పి పోయాడు.

హీటరు డిక్కీలోకి వెళ్ళాక వచ్చిన బిల్లూ తగ్గలేదు.

"ఇంకోటి కొన్నావు కదూ? ఎక్కడ దాచావు?"

"రిషి మీద ఒట్టు వైశూ. పగలు వీడూ నేనూ దుప్పట్లోంచి బయటికి రావట్లేదు."

"బిడ్డ మీద దొంగ ఒట్లు పెట్టకు!"

మంచం కింద చూసింది. సూట్‌కేసులు బోర్లించింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ చలికి రిషికి దగ్గు పట్టుకుంది. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. అంకుల్ భార్య శ్యామసుందరి ఆంటీ చూడలేక, సాయంత్రాలు వాణ్ణి తన ఇంటికి ఎత్తుకెళ్ళేది.

"నువ్వు వేణ్ణీళ్ళు పెట్టకమ్మా, మా ఇంట్లోనే స్నానం చేయిస్తాను. మాకెలాగూ ఇల్లంతా వెచ్చగానే ఉంటుంది."

వైశాలికి కళ్ళు చెమర్చేవి. దేశంకాని దేశంలో ఇలాంటి వాళ్ళు దొరకడం ఏ జన్మ పుణ్యమో అనుకునేది.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి శ్రీకర్ బ్యాగులు సర్దేశాడు. పెర్త్‌లో వాళ్ళక్క ఇంటికి బయల్దేరుతున్నాడు.

"రిషిని తీసుకెళ్తున్నా. వాడికి ఊపిరాడే ఇల్లు కావాలి. నన్ను నమ్మవు, సరే. వాడి దగ్గునైనా నమ్ము."

"వెళ్ళు. బిల్లైనా తగ్గుతుంది" అంది వైశాలి.

టాక్సీ అద్దంలోంచి రిషి చెయ్యి ఊపాడు. ఆమె మొహం తిప్పుకుంది.

పాత బిల్లులు, వాటి కోసం గీకిన క్రెడిట్ కార్డులు కలిసి మెడదాకా వచ్చాయి. కరెంటు కట్ చేస్తామని కంపెనీ హెచ్చరించింది. ముందున్న అంకుల్ వాళ్ళ పెద్దింటికెళ్ళి ఏడ్చేసింది. అంకులే దారి చూపించాడు.

"బ్యాంక్‌రప్సీ పెట్టెయ్ అమ్మాయ్. బిల్లులూ కార్డులూ అన్నీ అందులో కొట్టుకుపోతాయి. ఇక పాత బాకీ పేరు చెప్పి కరెంటు తియ్యలేరు. మనకి కావాల్సిందదే కదా."

"డబ్బు తీసుకోకుండా అప్పుల మీద సలహా చెప్పే కౌన్సెలర్లు ఉంటారట అంకుల్. మా మేనేజర్ చెప్పింది. ముందోసారి వాళ్ళని..."

"వాళ్ళా? ఇంట్లో ఏమేం వాడతావు, ఎంతసేపు వాడతావు అని కూపీ లాగుతారు. మీ ఆయనతో గొడవ కూడా తవ్వుతారు. మన పరువు బజార్న పడుతుంది. నేను లేనూ?"

దరఖాస్తు ఆయనే పక్కన కూర్చుని పెట్టించాడు. ఆంటీ కాఫీ కలిపి ఇచ్చింది. ఇక మూడేళ్ళు ఆమె దివాలా తీసిన మనిషి. దేశం దాటాలంటే పర్మిషన్ అడగాలి. మూడేళ్ళయ్యాక కూడా ఆ పేరు దివాలా రికార్డులో అలాగే ఉండిపోతుంది. ఎప్పటికైనా క్లైడ్ నార్త్‌లో ఓ చిన్న ఇల్లు కొనాలన్న మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

ఆ సంగతి చెప్పడానికి పెర్త్‌కి ఫోన్ చేసింది.

"ఇప్పటికీ నేనే కాల్చానంటావా?" అడిగాడు శ్రీకర్.

"మరింకెవరు?"

అతను ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. కొన్ని వారాలకి అతని లాయరు ఫోన్ చేశాడు. ఇక కలిసి ఉండడట. పిల్లాడు తండ్రి దగ్గరే ఉంటాడట. దివాలా తీసి, చలికి వణికే ఇంట్లో ఉన్న తల్లి దగ్గరికి పంపడం కుదరదట.

రిషి బొమ్మలున్న ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోయింది. తర్వాతి బిల్లు రాకముందే, క్రాన్‌బర్న్‌లో తోటి ఉద్యోగుల ఇంట్లో ఓ గది మాట్లాడుకుంది.

"ఎందుకమ్మాయ్, ఉండిపో. అద్దె ఇంకా తగ్గిస్తాను" అని అంకుల్ ఎంతో బతిమాలాడు. ఆంటీ పులిహోర డబ్బా చేతిలో పెట్టి కళ్ళొత్తుకుంది. వైశాలి వంగి ఇద్దరి కాళ్ళకీ దండం పెట్టింది.

సామాను కారులో సర్దేసరికి మసక చీకటి పడింది. పెద్దింటి కిటికీల నిండా వెలుతురు. అంకుల్ పెట్టిన టీవీ పెరట్లోకి వినిపిస్తోంది. కరెంటు కనెక్షన్ రేపట్నుంచి తన పేరు మీద ఉండదు. ఇక ఖాళీ ఇంట్లో కరెంటు వృథాగా కాలి, ఆ మంచివాళ్ళ మీద ఒక్క డాలరు భారమైనా పడకూడదనుకుంది వైశాలి. యూనిట్ గోడకున్న మీటరు పెట్టె తెరిచి, తన మెయిన్ స్విచ్ కిందికి దించింది.

టీవీ మోత ఆగి, పెద్దిల్లు మొత్తం ఒక్కసారిగా చీకటైపోయింది.