నాకూ అంతే

చిన్నకోడలు పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. వాంతి కాలేదు.

ఎవరికైనా వాంతి అయితే బెంగ. ఈవిడకు కాకపోతే బెంగ. నిన్నటిదాకా టూత్‌పేస్టు వాసనకే కడుపులో తిప్పేది. ఇవాళ దాని మూత తీసి మళ్ళీ మళ్ళీ వాసన చూసింది. ఏమీ కాలేదు. గుండెల్లో రాయి పడింది.

"పోనీలే, ఇవాళైనా కడుపునిండా తింటావు" అన్నాడు మొగుడు. సరిగ్గా అనకూడనప్పుడు అనకూడని మాట అనే తెలివి మొగుళ్ళకే ఉంటుంది. అతన్ని కొరకొరా చూసి, మెట్లు దిగి దుకాణంలోకి వెళ్ళింది.

ఇల్లు పైన, కర్టెన్ల దుకాణం కింద. అన్నదమ్ములిద్దరూ ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలుచుకొస్తారు. తోడికోడళ్ళిద్దరూ కుడతారు. ఈసారి ఇద్దరికీ కొద్దిరోజుల తేడాలో నెల తప్పింది, పెద్దకోడలికి ముందు. మొదటి స్కానింగ్‌కు కూడా కలిసే వెళ్ళారు.

"మరీ తొందరగా వచ్చేశావమ్మా. గుండె చప్పుడు ఇంకా తెలియదు. రెండు వారాలాగి రా" అని డాక్టరు చిన్నకోడల్ని పంపేసింది. తర్వాత లోపలికెళ్ళిన పెద్దకోడలు చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

"ఏమన్నారక్కా?"

"నాకూ అంతే. ఆగమన్నారు."

ఆ ఆగడమే చిన్నకోడలి ప్రాణం తోడేస్తోంది. పోయినేడు కూడా ఇలాగే ఆగమన్నారు. ఆగి వెళితే తెరమీద ఏ కదలికా లేదు. డాక్టరు తెర అటు తిప్పేసుకుంది. అది ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది.

"అక్కా, వాంతులు ఆగిపోయాయి" అంది దుకాణంలోకి వస్తూనే.

పెద్దకోడలు మిషన్ ఆపలేదు. "నాకూ అంతేనే. నీ గోల భరించలేక ఇద్దరి వాంతులూ కూడబలుక్కుని పారిపోయుంటాయి."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. నవ్వితే కాస్త ఊపిరాడింది.

మర్నాడు పొత్తికడుపులో పట్టేసినట్టయింది. "నాకూ అంతే" అంది పెద్దకోడలు. ఆ మర్నాడు ఏ నొప్పీ లేదు. అదింకా భయం. "నాకూ అంతే." ఏం చెప్పినా అదే మాట. ఆ మాట వినడానికే చిన్నకోడలు గంటకోసారి ఏదో ఒక వంక కనిపెట్టేది.

నిజానికి పెద్దకోడలే నీరసంగా కనిపించేది. స్కానింగ్ తర్వాత పుట్టింటికెళ్ళి రెండ్రోజులుండి వచ్చిందా, వచ్చినప్పటినుంచీ మొహం పాలిపోయింది. నడుం పట్టేసిందంటూ వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కుడుతోంది. "అక్క ఏమైనా తింటోందా బావగారూ?" అని అడిగితే బావగారు కొలతల టేపు చుట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. అసలే ఆయన మాటల మనిషి కాదు.

పెద్దకోడలి పనిలో ఒక పద్ధతుంది. కిటికీకి కర్టెన్లు ఎప్పుడూ జతే కాబట్టి, ఏ గుడ్డయినా రెండు పొరలు కలిపి ఒకేసారి కత్తిరిస్తుంది. పుట్టబోయే వాళ్ళ బొంతలకని పసుపుపచ్చ గుడ్డను కూడా అలాగే కత్తిరించింది. అది మొదటి స్కానింగ్‌కు ముందు మాట. "గుండె చప్పుడు వినేదాకా కుట్టకక్కా, నాకు భయం" అని చిన్నకోడలు బతిమాలితే, ఆ ముక్కలు మడిచి సొరుగులో పెట్టేసింది.

ఒకరోజు చిన్నకోడలు వచ్చేసరికి పెద్దకోడలు బరువైన కర్టెన్ గుడ్డ చుట్టను భుజానికెత్తుకుని నడుస్తోంది.

"అక్కా! నీకేమైనా మతి పోయిందా? దించు!"

పెద్దకోడలు ఉలిక్కిపడి దించింది. "మర్చిపోయానే."

"మర్చిపోతావు! నీకేం! నాకిక్కడ తుమ్మాలన్నా భయం. ఒకటి పోగొట్టుకుంటే తెలుస్తుంది నీకు."

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ మాట జారిపోయింది.

పెద్దకోడలు కోప్పడలేదు. "నిజమేలే" అని మిషన్ ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించబోతే ఎంతకీ ఎక్కలేదు. చివరికి చిన్నకోడలే ఎక్కించి ఇచ్చింది. "వేవిళ్ళు కళ్ళకు కూడా వస్తాయేమోనే" అని నవ్వింది పెద్దకోడలు.

రెండో స్కానింగ్ రోజు రానే వచ్చింది. ఇద్దరూ వెళ్ళారు.

"ముందు నువ్వు పద. చచ్చేంత తొందర నీదేగా" అంటూ పెద్దకోడలు ఆమెను లోపలికి నడిపించి, పక్కనే నిలబడింది. చిన్నకోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. పట్టుకున్న చెయ్యి నలిగిపోతోందని కూడా తెలియలేదు.

డాక్టరు ఏదో మీట నొక్కింది. గదినిండా చప్పుడు. టకటకటకటక.

"అక్కా, నీ మిషన్‌లా ఉంది!" అంది చిన్నకోడలు. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియదు. చూస్తే తనకంటే ఎక్కువగా పెద్దకోడలే ఏడుస్తోంది. చిన్నకోడలి తల నిమురుతూ ఉండిపోయింది.

బయటికి రాగానే చిన్నకోడలికి వెయ్యి ఏనుగుల బలం వచ్చింది. "ఇక నీ వంతు. పదక్కా. ఈసారి చెయ్యి నేను పట్టుకుంటా, ఎంత నలుపుతావో నలుపు."

పెద్దకోడలు ఆమెను బల్లమీద కూర్చోబెట్టి, సంచీలోంచి పసుపుపచ్చ బొంత తీసి ఒళ్ళో పెట్టింది.

"అమ్మ దొంగా, అప్పుడే కుట్టేశావా! ఇంత మెత్తగా, ఇంత మందంగా ఎలా వచ్చింది?"

"రెండు బొంతల గుడ్డా దీనికే వేసేశాను."

"మరి నీ బిడ్డకో?"

పెద్దకోడలు బొంత అంచున మిగిలిన దారప్పోగును పంటితో తుంచింది.

"నాది పోయిందని మొదటి స్కానింగ్ రోజే చెప్పారమ్మా."