కిటికీ పక్క సీటు

"మాస్టారూ, మొహం కాస్త ఊరెళ్ళే మనిషిలా పెట్టండి. జైలుకెళ్తున్నట్టు కూర్చుంటే ఎవడెక్కుతాడు ఈ బండి?" అన్నాడు జనాన్ని కేకేసి బండెక్కించే ఫిఫీ, కిటికీలోంచి తల లోపలికి పెట్టి.

అంపోఫో మాస్టారు ఒళ్ళో సంచి సర్దుకుని బలవంతాన నవ్వు తెచ్చుకున్నారు. అది కేప్ కోస్ట్ వెళ్ళే మినీబస్సు. మాస్టారు మాత్రం కేప్ కోస్ట్ వెళ్ళడం లేదు. ఆ మాటకొస్తే ఎక్కడికీ వెళ్ళడం లేదు.

అక్రాలోని ఆ స్టేషన్లో నిండితే తప్ప బండి కదలదు. ఖాళీ బండి ఎక్కి ఎండలో ఉడకడానికి ఎవరికి సరదా? సగం నిండిన బండి కనబడితే చాలు, జనం ఒకరినొకరు తోసుకుని మరీ ఎక్కుతారు. మరి ఆ మొదటి సగం ఎక్కణ్ణుంచి రావాలి? అందుకే బండివాళ్ళు కూలికి మనుషుల్ని తెచ్చి కూర్చోబెడతారు. స్టేషన్లో వాళ్ళను నీడలంటారు. అసలు ప్రయాణికుడు ఒకడు ఎక్కగానే నీడ ఒకటి నీళ్ళ పొట్లం కొనే వంకతో దిగి జారుకుంటుంది. చూడ్డానికి అందరూ ఒకలాగే ఉంటారు. డబ్బు కట్టినవాళ్ళ దగ్గర టికెట్ ఉంటుంది, నీడల దగ్గర ఉండదు, అంతే తేడా.

బళ్ళో లెక్కలు చెప్పే రోజుల్లో మాస్టారు ఏ తప్పునైనా క్షమించేవారు కానీ, హాజరు వేళ రాని స్నేహితుడి పేరుకు "ఉన్నాను సార్" అని పలికితే మాత్రం బెంచీ ఎక్కించేవారు. "లేనివాణ్ణి ఉన్నట్టు చూపించడం కూడా దొంగతనమేరా" అనేవారు. ఇప్పుడు పింఛను నెల సగానికే ఆవిరైపోతుంటే, ఆయనే లేని ప్రయాణికుడికి హాజరు పలుకుతున్నారు. ఇంట్లోవాళ్ళకు మాత్రం ట్యూషన్ చెప్పడానికి వెళ్తున్నానని చెప్పారు.

"ఇవాళ ఇంకో కొత్త మనిషి కూడా ఉన్నారు మీకు తోడు. చదువుకున్న మొహాలైతే జనం ఇట్టే నమ్ముతారు," అని ఫిఫీ మళ్ళీ కేకలు వేయడానికి పోయాడు.

మాస్టారు వెనక్కి తిరిగి చూశారు. చివరి సీట్లో కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన పేపరు తిరగేస్తున్నాడు. పాపం, ఆయనకూ ఏం కష్టమొచ్చిందో అనుకున్నారు.

"మాస్టారూ! మీరేనా?"

తల తీసేసినట్టయింది. గుమ్మంలో సెర్వా! ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో అంత చురుకైన పిల్ల మళ్ళీ రాలేదు. ఆమె కూడా ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత గబగబా వచ్చింది.

"నువ్వా తల్లీ! ఎక్కడికి ప్రయాణం?"

"కేప్ కోస్టే మాస్టారూ. బ్యాంకులో... ఇంటర్వ్యూ. రెండింటికి. మరి మీరు?"

"నేనూ అక్కడికే. మా చెల్లెలింటికి."

"కిటికీ పక్కన నేను కూర్చోనా? గాలి ఆడుతుంది."

మాస్టారు జరిగారు. "ఇంటర్వ్యూలో లెక్కలు అడుగుతారేమో. నీకేం భయం! బోర్డు మీద నా తప్పే దిద్దిన దానివి."

"ఆ రోజులు ఇప్పుడెందుకు లెండి మాస్టారూ," అంటూ సెర్వా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇంతలో నెత్తిన ఎండు చేపల గంపతో ఒకావిడ బండి దగ్గర ఆగింది. "ఈ డొక్కు ఎప్పుడు కదుల్తుందో ఏమో!"

సెర్వా తల బయటపెట్టింది. "ఎక్కమ్మా, ఇంకెంతసేపు! ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన దాన్ని, నేనే ఎక్కాను కదా!"

ఆవిడ టికెట్ కొనుక్కుని ఎక్కింది. ముందు సీటులోని నీడ ఒళ్ళు విరుచుకుంటూ దిగిపోయింది. మాస్టారికి గుండెలో ముల్లు దిగినట్టయింది. పిల్ల తనను చూసి నమ్మింది. ఆ పిల్లను చూసి ఇంకొకరు నమ్మారు. ఈ బండి మధ్యాహ్నం దాకా కదలదు, ఆపైన మూడు గంటల దారి, ఇంటర్వ్యూ గంగలో కలిసినట్టే. చెబితే ఆమె ముందు తన పరువుండదు. చెప్పకపోతే ఆమె ఉద్యోగం ఉండదు.

బండి రేకు మీద ఫిఫీ టకటకా తట్టాడు. ఇంకో నీడ దిగాలన్న సైగ. మాస్టారు కదల్లేదు. కోటాయన దిగుతాడేమోనని వెనక్కి చూశారు. ఆయన లేచాడు కానీ దిగలేదు. టికెట్ గాల్లో ఊపుతూ, "ఏమయ్యా, ఇది కొని ఎంతసేపైంది! కదుపుతావా, డబ్బులిచ్చేస్తావా?" అని అరిచాడు.

నీడల్ని నమ్మి ఎక్కిన మనిషి వేసిన ఆ కేకతో మాస్టారికి తెగింపు వచ్చింది.

"సెర్వా, దిగిపో తల్లీ," అన్నారు మెల్లగా.

"అదేంటి మాస్టారూ?"

"ఇందులో సగంమంది నీడలు. నేనూ నీడనే. నాకు చెల్లెలూ లేదు, ప్రయాణమూ లేదు. మిమ్మల్ని బెంచీలెక్కించిన మనిషినే, ఇవాళ కూలికి కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా. నన్ను చూసి నువ్వు మోసపోకు. ఆ పక్క బండికి ముగ్గురే తక్కువ. నీ టికెట్ ఇలా ఇవ్వు, ఫిఫీతో పోట్లాడైనా డబ్బులు వెనక్కి ఇప్పిస్తాను. పరుగెత్తు, అందుకుంటావు."

చెయ్యి చాచారు.

సెర్వా అందులో ఏమీ పెట్టలేదు. ఫైలు గుండెలకు హత్తుకుని, తల వంచుకుని, తరగతిలో లేచినట్టు లేచి నిలబడింది.

"నాకూ టికెట్ లేదు, మాస్టారూ."